సి 500, ఇ 400: పరుగుకీ, డైవింగ్‌కీ కొంటున్న బిళ్ళల్లో పసెంత?

రాజమండ్రిలో గానీ, కాకినాడలో గానీ, భీమవరంలో గానీ ఏ మందుల షాపుకైనా వెళ్లి "వచ్చే నెల్లో హాఫ్ మారథాన్ ఉందండీ, ఒళ్లు నొప్పులు, నీరసం" అని చెప్పి చూడండి. కౌంటరు మీదకి మూడు వస్తాయి. నారింజ రంగు చప్పరించే విటమిన్ సి 500 షీటు ఒకటి, ఆకుపచ్చగా మెరిసే విటమిన్ ఇ 400 క్యాప్సూళ్లు ఒకటి, పైన "యాంటీఆక్సిడెంట్" (ఒంట్లో ఆక్సిజన్ వల్ల కణాలకి జరిగే నష్టాన్ని ఆపేది) అని పెద్దక్షరాలు అచ్చేసిన మల్టీవిటమిన్ ఇంకొకటి. జిమ్ సామాన్లమ్మే షాపుకెళ్తే ఇవే సరుకులు నల్ల డబ్బాలోకి దూరి, ధరకి ఇంకో సున్నా తగిలించుకుని కూర్చుంటాయి.

ధవళేశ్వరం గట్టు మీద తెల్లారగట్ల పరుగెత్తేవాళ్లు, కాకినాడ నుంచి యానాం దాకా సైకిలు తొక్కేవాళ్లు, సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పోటీలకి తెడ్డు పట్టేవాళ్లు, పోర్టు పనుల్లోనో నదిలో మునిగిన పడవలు తీసే పనుల్లోనో నీటి అడుగుకి దిగేవాళ్లు, అందరూ ఇవే కొంటున్నారు. కాబట్టి ఒక్కోదాన్నీ విడివిడిగా చూద్దాం. మా తీర్పు ముందే చెప్పేస్తాం: సి షీటు ఇంట్లో ఉంచుకోవచ్చు, ఏడాదిలో కొన్ని వారాలు పనికొస్తుంది. ఇ 400 రోజూ మింగే అలవాటు మానేయాలి. డబ్బా సరుకు దండగ. డైవర్లకి మాత్రం ఒకే ఒక్క సందర్భంలో వీటికి కాస్త ఆధారం ఉంది, అదీ చిన్నదే.

చప్పరించే సి 500

అందరికీ తెలిసిన లిమ్సీ 500నే తీసుకుందాం. షీటుకి 15 బిళ్ళలు. వెనకున్న చీమతల అక్షరాలు చదివితే తెలుస్తుంది, అందులో ఉన్నదంతా ఆస్కార్బిక్ ఆమ్లం కాదు. 100 మి.గ్రా. ఆమ్లం, 450 మి.గ్రా. సోడియం ఆస్కార్బేట్. ఈ రెండోది 400 మి.గ్రా. ఆమ్లంతో సమానం, అలా 500 లెక్క తేలింది. మొత్తం ఆమ్లమే పెడితే నాలుక కోసుకుపోయేంత పులుపు, పళ్లకి కూడా చేటు. ఉప్పు రూపంలో పెట్టడం వల్ల ఆ ఘాటు తగ్గింది. బిళ్ళకి 50 మి.గ్రా. సోడియం వస్తుంది, చెమటోడ్చేవాళ్లకి అది లెక్కలోది కాదు. చవకగా దొరుకుతుంది. ఇక్కడ చెప్పుకున్న అన్నిటిలోకీ డబ్బుకి తగ్గ సరుకు ఇదొక్కటే.

అయితే మోతాదు. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం పెద్ద మగవాళ్లకి రోజుకి 80 మి.గ్రా., ఆడవాళ్లకి 65 మి.గ్రా. చాలు. ఒక్కసారిగా 200 మి.గ్రా. వేసుకుంటే దాదాపు అంతా ఒంటికి పడుతుంది. 1000 వేసుకుంటే సగం కూడా పట్టదు. రోజుకి 200 నుంచి 400 దాటితే రక్తంలో మట్టం ఇక పెరగదు, మిగిలింది మూత్రంలో పోతుంది. పేగులో మిగిలిపోయింది నీటిని లాక్కుంటుంది. పొద్దున్నే పరగడుపున రెండు బిళ్ళలు నమిలి లాంగ్ రన్‌కి బయల్దేరినవాడు ఆరో కిలోమీటరు దగ్గర అరటితోట వెతుక్కోవడానికి కారణం ఇదే. కాబట్టి బిళ్ళని చాకుతో రెండు ముక్కలు చేసి, టిఫిను తిన్నాక ఒక సగం. ఒక్క పూటకి అంతకంటే అక్కర్లేదు.

చప్పరించాక నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించాలి. అరగంట దాకా బ్రష్ జోలికి పోకూడదు, ఆమ్లానికి మెత్తబడ్డ పంటి పింగాణీని బ్రష్ గీకేస్తుంది. వీటిని పిప్పరమెంటు బిళ్ళల్లా జేబులో వేసుకుని గంటకొకటి చప్పరించేవాళ్లకి డెంటిస్టు ఫీజు రాసిపెట్టి ఉంది.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు 500 బిళ్ళని రోజూ వాడకూడదు. విటమిన్ సి ఒంట్లో కొంత ఆక్సలేటుగా, అంటే రాళ్లు కట్టే పదార్థంగా మారుతుంది. స్వీడన్‌లో మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 2013లో వెలువరించిన అధ్యయనంలో సి బిళ్ళలు వాడేవాళ్లకి రాళ్లు దాదాపు రెండింతలు ఎక్కువగా కనిపించాయి. మన ఎండలో, మన చెమటలో, మూత్రం చిక్కబడే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం (ఎర్రరక్తకణాలు తేలిగ్గా పగిలే జబ్బు) ఉన్నవాళ్లు, తలసీమియా వంటి జబ్బుల వల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోయినవాళ్లు డాక్టరుని అడక్కుండా పెద్ద మోతాదు ముట్టుకోకూడదు. షుగరు ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: సి ఎక్కువైతే వేలు గుచ్చి చూసే మీటర్లు కొన్ని తప్పు అంకె చూపిస్తాయి.

నీళ్లలో పొంగే బిళ్ళ

ఇది అదే సి, కాకపోతే ముస్తాబు ఎక్కువ. 1000 మి.గ్రా., పొంగించడానికి సోడా, తియ్యదనానికి సుక్రలోజు లాంటిదేదో. బ్రాండుని బట్టి బిళ్ళకి 200 నుంచి 400 మి.గ్రా. సోడియం ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు గమనించాలి. గ్లాసులో వేసి బుడగలన్నీ చచ్చేదాకా ఆగాలి. ఆగకుండా తాగి పరుగెత్తితే పొట్టలో గాలి, పక్కలో పోటు. డైవింగ్‌కి ముందు అసలే వద్దు. తల కిందకి పెట్టి దిగేటప్పుడు పుల్లటి తేన్పు గొంతులోకి వస్తే మాస్కు, మౌత్‌పీసు మధ్య ఏం జరుగుతుందో డైవర్లకి వేరే చెప్పక్కర్లేదు.

కోనసీమ తేమలో ఈ గొట్టాల బతుకు మరీ కష్టం. మూతలోని తేమ పీల్చే గుళికలు ఒక్క వర్షాకాలం కూడా నిలబడవు. బిళ్ళ అంచు కరకరలాడకుండా మెత్తగా తగిలినా, మీద గోధుమరంగు మచ్చలు కనిపించినా, నీళ్లలో వేస్తే బద్ధకంగా పొంగినా, ఆక్సీకరణం మొదలైనట్టే. ఎక్స్‌పైరీ తేదీ ఇంకా ఏడాది ఉన్నా సరే అవతల పారెయ్యండి.

ఇ 400: ఇక్కడే అసలు గొడవ

ఎవియన్ 400 మన ఇళ్లలో మందు కంటే అందం సామాను. క్యాప్సూలు సూదితో గుచ్చి మొహానికి రాసుకుంటారు, కొబ్బరినూనెలో కలిపి తలకి పెడతారు. ఆ వాడకంతో మాకు పేచీ లేదు. మింగేవాళ్లతోనే.

ఈ క్యాప్సూల్లో ఉండేది టోకోఫెరిల్ అసిటేట్, 400 మి.గ్రా. కృత్రిమంగా తయారైన అసిటేట్ రూపంలో 1 మి.గ్రా. అంటే 1 అంతర్జాతీయ యూనిట్. అంటే 400 మి.గ్రా. అంటే 400 యూనిట్లే. మనిషికి రోజుకి కావలసిన ఇ ఎంతో తెలుసా? 10 నుంచి 15 మి.గ్రా. చిన్న క్యాప్సూలే కదా అనిపిస్తుంది కానీ, అది నెల రోజుల సరుకుని ఒక్క పూటకి కుక్కినట్టు.

400 యూనిట్లే రోజూ ఇచ్చి అమెరికా, కెనడాల్లో 35,000 మందికి పైగా మగవాళ్ల మీద ఒక పెద్ద పరీక్ష చేశారు. పేరు సెలెక్ట్. ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందేమో చూద్దామని మొదలెట్టారు. తగ్గలేదని 2008లో బిళ్ళలు ఆపించారు. ఆ తర్వాత కూడా గమనిస్తూ పోతే 2011 నాటికి తేలింది: ఇ వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. యాభై ఐదు దాటి, మారథాన్ మొదలెట్టి, "కీళ్లకి మంచిది" అని రోజూ ఇ 400 మింగే అన్నయ్యలందరూ సరిగ్గా ఆ పరీక్షలోని మనుషుల కోవలోకే వస్తారు.

రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి ఇ పెద్ద మోతాదులో ప్రమాదం, రక్తస్రావం పెరుగుతుంది. డైవర్లు ఇది రెండుసార్లు చదవాలి. చెవి, సైనస్ పిండుకుపోయి ముక్కున రక్తం కారడం మీ పనిలో మామూలే. దానికి తోడు ఆస్పిరిను, ఇ 400 రోజూ వేసుకుంటూ ఉంటే కారే రక్తం ఓ పట్టాన ఆగదు.

ఇంకో చిన్న సంగతి. ఇ కొవ్వులో కరుగుతుంది. పరగడుపున బ్లాక్ కాఫీతో మింగితే ఎక్కువ భాగం వృథా. అంటే మింగేవాళ్లలో చాలామంది కొనేది ఒకటి, ఒంటికి పట్టేది ఒకటి. ఈ విషయంలో మాత్రం అది అదృష్టమే అనుకోవాలి.

రొయ్యలు తేలితే గానీ ఏరేటరు తిరగదు

మరి యాంటీఆక్సిడెంట్ మంచిదే కదా, ఎక్కువైతే నష్టమేంటి? ఈ ప్రశ్నకి జవాబు భీమవరం చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీదైనా దొరుకుతుంది. తెల్లవారుజామున రొయ్యలు నీటి పైకి తేలాయంటే అడుగున ఆక్సిజన్ చాలట్లేదని రైతుకి తెలుస్తుంది. పరుగెత్తుకెళ్లి ఏరేటర్లు వేస్తాడు, రెండోరోజు మళ్లీ తేలితే ఇంకో ఏరేటరు కొని దింపుతాడు. చెరువు సత్తువ అలా పెరుగుతుంది. ఎవడో వచ్చి చెరువు మీద నల్లగుడ్డ కప్పి, తేలే రొయ్యలు కనబడకుండా చేశాడనుకోండి. రైతు హాయిగా నిద్రపోతాడు. కొత్త ఏరేటరు రాదు.

పరుగులో కండరం లోపల పుట్టే ఆక్సిజన్ రాడికల్స్ (చుట్టూ ఉన్నదాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ కణాలు) ఆ తేలిన రొయ్యల్లాంటివి. అవి కొంత నష్టం చేస్తాయి, నిజమే. కానీ అవే కబురు కూడా. ఆ కబురు అందాకే కండరం కొత్త మైటోకాండ్రియా (కణంలో శక్తి పుట్టించే కొలుములు) కట్టుకుంటుంది, తన సొంత యాంటీఆక్సిడెంట్ ఎంజైములని (సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, గ్లూటాథియోన్ పెరాక్సిడేజ్) పెంచుకుంటుంది. బయటి నుంచి సి, ఇ పెద్ద మోతాదులో పోసి కబురుని నొక్కేస్తే, ట్రైనింగ్ చెమట పట్టిస్తుంది కానీ కూలి పూర్తిగా ఇవ్వదు.

ఇది ఊహ కాదు. 2008లో స్పెయిన్‌లో చేసిన పరీక్షలో, సి ఇచ్చి పరుగెత్తించిన ఎలుకల కండరంలో మైటోకాండ్రియా పెరుగుదల మందగించింది. 2009లో జర్మనీలో 1000 మి.గ్రా. సి, 400 యూనిట్ల ఇ కలిపి నాలుగు వారాలు ఇస్తే, వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడం అనే లాభం బిళ్ళలు వేసుకున్నవాళ్లకి రాలేదు, వేసుకోనివాళ్లకి వచ్చింది. 2014లో నార్వేలో 54 మంది మీద పదకొండు వారాలు, 1000 మి.గ్రా. సి, 235 మి.గ్రా. ఇ: కండరంలో మైటోకాండ్రియాకి సంబంధించిన ప్రొటీన్ల పెరుగుదల అడ్డుపడింది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ 54 మందిలో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం రెండు గుంపుల్లోనూ ఒకేలా పెరిగింది. అంటే ఈ బిళ్ళలు మీ పరుగుని నాశనం చేస్తాయని కాదు. డబ్బు పెట్టి కొన్నందుకు లాభం లేదు, లోపల కొంత నష్టం కూడా ఉంది, అంతే.

ఒళ్లు నొప్పులకి అని వేసుకునేవాళ్లకి: 2017లో కొక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలని కూడి తేల్చే సంస్థ) వాళ్లు 50 పరీక్షలు, 1,089 మంది ఫలితాలని ఒక్కచోట పేర్చి చూశారు. నొప్పి తగ్గింది, కానీ మనిషి గుర్తుపట్టలేనంత తక్కువ. ఆదివారం ముప్ఫై కిలోమీటర్లు పరుగెత్తి సోమవారం మెట్లు దిగలేకపోతే దానికి బిళ్ళ లేదు. దూరం పెంచడంలో తొందరపడ్డారు, అంతే.

ఎప్పుడు వేసుకోవాలి మరి

ఒక్క చోట సి గెలిచింది, అదీ గట్టిగానే. దక్షిణాఫ్రికాలో 90 కిలోమీటర్ల దాకా ఉండే కామ్రేడ్స్ పరుగుకి ముందు మూడు వారాల పాటు రోజుకి 600 మి.గ్రా. సి ఇచ్చారు. పరుగు అయ్యాక రెండు వారాల్లో జలుబు, గొంతునొప్పి లక్షణాలు వచ్చినవాళ్లు 33 శాతం. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్లలో 68 శాతం. 1993 నాటి మాట. మారథాన్ పరుగరులు, మంచులో స్కీయింగ్ చేసేవాళ్లు, చలిలో కవాతు చేసే సైనికులు కలిపి 598 మంది ఉన్న ఐదు పరీక్షలని కొక్రేన్ 2013లో కూడితే జలుబు సగానికి తగ్గింది. మోతాదు 250 మి.గ్రా. నుంచి 1 గ్రాము దాకా. మామూలు జనాలకి మాత్రం జలుబు రావడం తగ్గలేదు, వచ్చినవాళ్లకి కాస్త ముందు నయమైంది.

వాళ్లది మంచు, మనది ముక్కుపుటాల్లోంచి ఆవిరి కారే ఊరు. అయినా సంక్రాంతి ముందు మంచు కురిసే వారాల్లో, ధాన్యం నూర్పిళ్ల దుమ్ములో, పెద్ద పోటీ దగ్గర పడ్డప్పుడు ఈ కిటుకు వాడుకోవడంలో తప్పు లేదు. పద్ధతి ఇది: ట్రైనింగ్ గట్టిగా నడిచే నెలల్లో బిళ్ళ ముట్టుకోవద్దు. పోటీకి రెండు మూడు వారాల ముందు దూరం ఎలాగూ తగ్గిస్తారు, కండరం కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు, కబురు నొక్కినా పోయేది తక్కువ. అప్పుడు పొద్దున సగం బిళ్ళ, రాత్రి సగం బిళ్ళ, తిన్నాక. పోటీ అయిన వారం దాకా కొనసాగించి ఆపెయ్యాలి. మొత్తం లెక్కేస్తే ముప్ఫై బిళ్ళలు కూడా అవ్వవు. రెండు షీట్లు. పోటీ రోజు పొద్దున కొత్తగా మొదలెట్టొద్దు, కడుపు సంగతి పైనే చెప్పాం.

200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు సవారీ) తొక్కేవాళ్లకి 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది. అందులో సగం మన ఎండలోనే. అక్కడ దెబ్బతీసేది రాడికల్స్ కాదు, ఉప్పు. నల్ల డబ్బా కొనే డబ్బుతో ఏడాదికి సరిపడా ఓఆర్‌ఎస్ పొట్లాలు వస్తాయి.

నీటి అడుగున

డైవర్ల సంగతి వేరు. పైన మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, పీడనం ఒక అట్మాస్ఫియర్. 30 మీటర్ల లోతులో పీడనం నాలుగింతలు, అదే సిలిండరు గాలి పీలిస్తే ఆక్సిజన్ పాక్షిక పీడనం సుమారు 0.84. అంటే ఒడ్డున కూర్చుని 84 శాతం ఆక్సిజన్ పీల్చినట్టు. దానికి తోడు పైకి వచ్చేటప్పుడు రక్తంలో నత్రజని బుడగలు. రెండూ కలిసి రక్తనాళం లోపలి పొరని గంటల తరబడి మొద్దుబారిస్తాయి. చేతి మీద బీపీ పట్టా బిగించి, వదిలి, నాళం ఎంత విచ్చుకుందో అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే ఇది తేటగా కనబడుతుంది.

క్రొయేషియాలో కొద్దిమంది డైవర్లకి మునకకి రెండు గంటల ముందు 2 గ్రాముల సి, 400 యూనిట్ల ఇ ఇచ్చి 30 మీటర్లకి 30 నిమిషాలు పంపారు. 2007లో వచ్చిన ఫలితం: నాళం మొద్దుబారడం తగ్గింది. బుడగలు మాత్రం ఎన్ని రావాలో అన్నీ వచ్చాయి. ఈ చివరి వాక్యం డైవింగ్ జట్టు మేస్త్రీలందరూ గోడ మీద రాసుకోదగ్గది. బిళ్ళ వేసుకున్నానని నిమిషానికి 9 మీటర్ల కంటే వేగంగా పైకి రావడానికి వీల్లేదు, 5 మీటర్ల దగ్గర 3 నుంచి 5 నిమిషాల ఆగుడు ఎగ్గొట్టడానికి వీల్లేదు, డైవ్ టేబుల్ (ఏ లోతులో ఎంతసేపు, మధ్యలో ఎంత విరామమో చెప్పే పట్టిక) చెప్పిన విరామం కుదించడానికి వీల్లేదు. బెండ్స్ (గబగబా పైకొస్తే డైవర్లకి వచ్చే జబ్బు) తెచ్చేది బుడగ, ఆ బుడగ మీద ఈ బిళ్ళకి పట్టు లేదు. నైట్రాక్స్‌లో (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.4 దాటితే వచ్చే మూర్ఛని ఇవి ఆపుతాయని నమ్మడం కూడా ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

అయితే వాడొచ్చా? వరసగా రోజూ 25, 30 మీటర్లకి గాలి సిలిండరుతో దిగే పని వారం పదిరోజులు ఉంటే, దిగడానికి రెండు గంటల ముందు ఇడ్లీయో ఉప్మాయో తిని సి 500 ఒకటి వేసుకోవడంలో నష్టం కనబడదు. రెండు గ్రాములు పరీక్షకి సరే, పనిలో కడుపు చెడితే వెట్‌సూటులో ఉన్నవాడి అవస్థ ఎవడికీ వద్దు. ఇ రోజూ వద్దు. ఇదే నాళం పరీక్షని బెల్జియం వాళ్లు 30 గ్రాముల డార్క్ చాక్లెట్‌తో చేశారు, దిగడానికి 90 నిమిషాల ముందు తినిపించి, 33 మీటర్లు, 20 నిమిషాలు. అదీ పనిచేసింది. రుచి కోసమైనా మా ఓటు దానికే. మే నెలలో దాన్ని పడవ మీద పెడితే మాత్రం చెంచాతో తినాల్సొస్తుంది.

ఊపిరి బిగబట్టి మునిగే గజ ఈతగాళ్లకి, బొంగు పట్టుకుని దిగి బకెట్‌తో ఇసుక తీసే పడవ కూలీలకి ఈ బిళ్ళలతో పనిలేదు. వాళ్లకి ప్రాణాంతకమైంది మునిగే ముందు గబగబా పది ఇరవైసార్లు ఊపిరి లాగడం. దానివల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, ఊపిరి తీసుకోవాలనే తపన రావాల్సిన వేళకి రాదు, పైకి వస్తూ వస్తూ నీటి పైభాగానికి రెండు బారల దూరంలో స్పృహ తప్పుతుంది. 2027 పుష్కరాలకి ఘాట్ల దగ్గర ఈతగాళ్లని పెట్టేవాళ్లు విటమిన్ షీట్లు పంచే బదులు ఈ ఒక్క సంగతి నేర్పిస్తే చాలు, జంటగా తప్ప దిగొద్దని కూడా.

ఒడ్డున కంప్రెసరు పెట్టి, గొట్టంతో గాలి పంపుకుంటూ పనిచేసేవాళ్లకి ఇంకో మాట. పైకొచ్చాక తలనొప్పి, వికారం ఉంటే అది "ఆక్సిడేటివ్ స్ట్రెస్" కాదు. ఇంజను పొగ గాలి లాగే గొట్టంలోకి పోతోందేమో, ఫిల్టరు నూనె పట్టిందేమో చూడండి. పీల్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 10 పీపీఎం దాటకూడదు. లాగే మూతిని ఇంజను పొగకి గాలివాలున కాకుండా ఎదురుగాలి వైపు, ఎత్తున కట్టాలి. గాలి తిరిగితే దాన్నీ తిప్పాలి. బిళ్ళల డబ్బు ఫిల్టరు మీద పెట్టండి.

మిగతా సరుకు, గబగబా

ఆస్టాజాంథిన్: ఉడకబెట్టిన రొయ్య ఎర్రబడేది దీనివల్లే. పచ్చి రొయ్యలో ఒక ప్రొటీన్‌కి అంటుకుని బూడిదరంగులో దాగి ఉంటుంది, వేడికి ఆ ప్రొటీన్ చెడి అసలు రంగు బయటపడుతుంది. క్యాప్సూళ్లలో 4, 12 మి.గ్రా. అమ్ముతారు. పరుగు విషయంలో ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి, ధర మాత్రం ఒకవైపే ఉంది. నోటితో మింగే గ్లూటాథియోన్ (ఒళ్లు తనే తయారుచేసుకునే యాంటీఆక్సిడెంట్) చాలావరకు జీర్ణంలోనే ముక్కలైపోతుంది. ఎన్ఏసీ 600, నీళ్లలో పొంగేది, దగ్గు కఫానికి మందు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పాడైందనుకోకండి, అందులోని గంధకం వాసన అది. పరుగు కోసం దాన్ని వాడితే కడుపు తిప్పడమే ఎక్కువ. బీటా కెరోటిన్ పెద్ద మోతాదు పొగతాగేవాళ్లకి విషం కింద లెక్క: ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగరాయుళ్లలో సగం మందికి రోజుకి 20 మి.గ్రా. ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. చుట్ట మానకుండా "లంగ్స్ క్లీన్" డబ్బా కొనేవాళ్లు గమనించాలి.

ఇక ఆక్వా షాపుల్లో కిలోల్లెక్కన దొరికే విటమిన్ సి. మేతలో కలపడానికి తయారుచేసిన సరుకది. అందులో చాలావరకు నీటిలో చెడకుండా ఉండే ఫాస్ఫేటు రూపంలోనో, పూత పూసో ఉంటుంది. మనుషులు తినే సరుక్కి ఉండే శుద్ధి నియమాలు దానికి లేవు. "అదే సి కదా, చవక" అని గ్లాసులో కలుపుకోవడం వద్దు.

డ్రిప్పుల గురించి. అందం పెంచుతామనే క్లినిక్కుల్లో సి, గ్లూటాథియోన్ కలిపి సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. పోటీల్లో దిగే క్రీడాకారులకి ఇది గొయ్యి. విటమిన్ సి నిషేధిత పదార్థం కాదు. కానీ ఆసుపత్రి వైద్యంలో భాగంగా తప్ప, 12 గంటల్లో 100 మి.లీ. మించి నరంలోకి ఏది ఎక్కించుకున్నా వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నియమాల ప్రకారం డోపింగే, ముందస్తు అనుమతి ఉంటే తప్ప. సీసాలో ఉన్నది ఒట్టి ఉప్పునీరైనా సరే.

జామకాయ లెక్క

100 గ్రాముల జామకాయలో 200 మి.గ్రా. పైచిలుకు సి ఉంటుంది. అంటే మార్కెట్లో దొరికే ఒక మాదిరి కాయ, మనం చాకుతో కోసిన సగం బిళ్ళకి దగ్గర్లోకి వస్తుంది, పీచుతో సహా. ఉసిరికాయ దానికంటే కాస్త పైనే. మునగాకులో 100 గ్రాములకి వంద చిల్లర ఉన్నా పప్పులో ఉడికితే చాలా పోతుంది. కొబ్బరినీళ్లని సి కోసం తాగేవాళ్లున్నారు, అందులో సి లేనట్టే, పొటాషియం కోసం తాగండి. ఇ కావాలంటే కూర నూనె చూసుకోండి. చెంచా కాదు, గరిటెడు పొద్దుతిరుగుడు నూనెలో (14 గ్రాములు) 5 నుంచి 6 మి.గ్రా. ఇ వస్తుంది. తవుడు నూనెలోనూ బాగానే ఉంది. కొబ్బరినూనెలో దాదాపు లేదు. నాలుగు బాదం, గుప్పెడు వేరుశనగలు కలిస్తే రోజు లెక్క అయిపోతుంది. ఇలా తినే మోతాదులు ట్రైనింగ్ కబురుని నొక్కవు.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

షీటు వెనక మందు తయారీ లైసెన్సు నంబరు ఉంటే అది మందు, నిర్ణీత మోతాదు ఉండి తీరాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, పచ్చచుక్క, "వైద్య వినియోగానికి కాదు" అనే మాట ఉంటే అది తిండి కింద లెక్క. రెండూ చట్టబద్ధమే, కానీ రెండోదాన్ని డబ్బాల్లో కొనేటప్పుడు "సర్వింగ్" అంటే ఎన్ని క్యాప్సూళ్లో ముందు చూడండి. ముందువైపు 1000 అని ఉంటుంది, వెనక సర్వింగ్ అంటే మూడు అని ఉంటుంది. "ప్రత్యేక మిశ్రమం 750 మి.గ్రా." అని ఒక్క అంకె వేసి, లోపల ఏది ఎంతో చెప్పనిదాన్ని షెల్ఫులోనే వదిలేయండి. రాష్ట్ర, జాతీయ పోటీల్లో దిగేవాళ్లయితే బ్యాచ్ వారీగా పరీక్షించిన ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి ముద్ర ఉన్నదే కొనాలి. ముద్ర ఉంటే చాలదు, డబ్బా అడుగున ఉన్న బ్యాచ్ నంబరుని ఆ సంస్థ సైట్లో కొట్టి చూడాలి. ఖాళీ డబ్బా పారెయ్యకుండా, అందులో నాలుగైదు క్యాప్సూళ్లు మిగిల్చి సీజను అయ్యేదాకా ఉంచండి. డోపింగ్ పరీక్ష శాంపిల్లో ఏదైనా తేడా వస్తే చూపించడానికి మీ దగ్గరుండేది అదొక్కటే.

వర్షాకాలంలో వంద బిళ్ళల సీసా కొనొద్దు, షీట్లే కొనండి. సీసా మూత తీసిన ప్రతిసారీ మన గాలి లోపలికి పోతుంది. షీటులో ఒక్కో బిళ్ళకి దాని గది దానికే. కత్తిరించిన సగం బిళ్ళని అదే గదిలో తిరిగి పెట్టి, రేకు మడిచి, ఆ రాత్రికే వాడెయ్యాలి. ఇ క్యాప్సూళ్లు మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పెడితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీసినా మంచిది కాదు, బయటికి రాగానే చెమ్మ పడుతుంది. వంటింట్లో పొయ్యి గట్టు మీద కాకుండా, బియ్యం డబ్బా ఉండే చీకటి మూల చాలు.